‘వరమా, శాపమా’ చర్చలు ఇక చాలు

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలో కళల మీదో, సోషల్ మీడియా ట్రెండ్ల మీదో చర్చ పెడదామనుకోగానే నోటీసు బోర్డు ఎక్కే అంశం దాదాపు ఒకటే: ‘రీల్స్ వరమా, శాపమా?’ ఇంకాస్త కొత్తగా ఆలోచిస్తే ‘ఏఐ గీసింది కళ అవుతుందా, కాదా?’ అనుకూలంగా నలుగురు, ప్రతికూలంగా నలుగురు, మనిషికి మూడు నిమిషాలు, టైమ్ అయిపోగానే గంట, ఆఖర్న బహుమతి. మాట్లాడే పిల్లల తప్పేమీ లేదు. అంశం అలా ఇచ్చాక ఎవరు మైకు పట్టుకున్నా ఆ పది వాక్యాలే వస్తాయి: సమయం వృథా, ప్రతిభకు వేదిక, మితంగా వాడితే మంచిదే. రీల్స్ గురించి అంతసేపు వాదించుకుంటారు, ఒక్క రీల్ కూడా ఆ గదిలో ఎవరూ చూడరు. అసలు చిక్కు అక్కడే ఉంది.

చర్చించే వస్తువు ఎదురుగా ఉండాలి. అదీ ఒక్కటే ఉండాలి. ఒక బొమ్మ, అరనిమిషం వీడియో, ఒక పాట పల్లవి, ఒక మీమ్, ఏదైనా సరే. ‘కొరియన్ పాప్ ప్రభావం’ అనేది చర్చకు ఎదురుగా పెట్టగలిగే వస్తువు కాదు, దాన్ని ఎవరూ చూపించలేరు. ఒక వీడియోలో ఒక నిమిషం అంటే అందరూ చూడగలరు. మనుషులు ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే బాగుంటుంది. పదిహేను దాటితే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. గంట సమయం చాలు. నడిపేవాళ్లు ఒకరు, రాసుకునేవాళ్లు ఒకరు. అంశాన్ని వారం ముందు చెప్పకండి. చెబితే అందరూ రివ్యూలు చదివి, ఊళ్లోవాళ్ల అభిప్రాయాలు మోసుకొస్తారు.

ఆ వారం ఊపేస్తున్న ట్రెండ్‌ను తీసుకోవాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది. మా మాట వింటే ఆరు నెలల నుంచి రెండేళ్ల పాతదాన్ని పట్టుకోండి. అది ఎలా మొదలైందో, ఎక్కడ విసుగు పుట్టించిందో, దుకాణాలూ ప్రకటనల వాళ్లూ ఎప్పుడు ఎత్తుకున్నారో ఇప్పుడు కనిపిస్తుంది. మధ్యలో ఉన్న ట్రెండ్ గురించి మాట్లాడితే జ్యోతిషం చెప్పుకోవడమే మిగులుతుంది.

మొదటి పదిహేను నిమిషాలు బాగుంది, బాగాలేదు అనే మాట ఎవరూ అనకూడదు. ఇదొక్కటే కాస్త కఠినంగా పాటించాల్సిన నియమం. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు అమెరికన్లు బొమ్మలు చూడడం నేర్పడానికి ఒక పద్ధతి తయారుచేశారు. అందులో మూడే ప్రశ్నలు. ఇందులో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? బండి నడిచేది రెండో ప్రశ్నతోనే. ‘ఇందులో ఏదో దిగులుంది’ అని ఒకరంటారు. ఏం చూసి అన్నావంటే, ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉన్నాయనో, రంగులన్నీ బూడిదవైపు వెళ్లాయనో చూపించాల్సి వస్తుంది. చూపించలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. అందులో చిన్నతనమేమీ లేదు. ‘క్రింజ్’, ‘వైబ్’, ‘ఓవర్‌రేటెడ్’ లాంటి మాటలకూ ఇదే వర్తిస్తుంది. వాడొద్దనక్కర్లేదు, వెంటనే తెర మీద వేలు పెట్టి చూపించమంటే చాలు.

డ్యాన్సు వీడియోనే తీసుకోండి. మూడుసార్లు చూడాలి: ఒకసారి మామూలుగా, రెండోసారి శబ్దం ఆపేసి, మూడోసారి తెర మూసేసి వింటూ. శబ్దం ఆపగానే బయటపడేవి బోలెడు. స్టెప్పులన్నీ చేతుల్లోనూ భుజాల్లోనూ ఎందుకున్నాయి? ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టారు, ఫ్రేమ్ వెడల్పు తొమ్మిది పాళ్లయితే ఎత్తు పదహారు. పక్కకు రెండడుగులు వేస్తే మనిషి ఫ్రేమ్‌లో ఉండడు. అందుకని నాట్యమంతా నిలబడ్డ చోటే, నడుము పైనే జరుగుతుంది. రాతలు తెర మధ్యలో ఎందుకు పెట్టారు? కింద పెడితే అకౌంట్ పేరూ క్యాప్షనూ వాటి మీద పడతాయి, కుడి అంచున లైకు, షేర్ గుర్తులు ఉంటాయి. ఆఖరి కదలిక మొదటి కదలికలోకి అతుక్కుపోయిందా? అయితే అది తెలిసే చేశారు, వీడియో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా మళ్లీ మొదలవడానికి. మూడోసారి వింటున్నప్పుడు కట్‌లు దరువు మీదే పడ్డాయా, అరక్షణం ముందు పడ్డాయా అన్నది జ్ఞాపకం నుంచి చెప్పమనండి. చాలామంది తప్పు చెబుతారు, మళ్లీ చూస్తారు. ఈ నాలుగు సంగతులు పట్టుకున్న కుర్రాడికి ‘రీల్స్ శాపం’ అని ఉపన్యాసం ఇవ్వాలనిపించదు. ఇవ్వాలనుకున్నా కాస్త మంచి ఉపన్యాసం ఇస్తాడు.

తర్వాతి పని, ఇది ఎవరిదో వెతకడం. 2019లో అమెరికాలో జలయా హార్మన్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయి ‘రెనిగేడ్’ డ్యాన్సు కట్టింది. టిక్‌టాక్‌లో అది ఊరూవాడా పాకింది, పేరు మాత్రం వేరేవాళ్లకు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ రాశాకే ఆ అమ్మాయి సంగతి లోకానికి తెలిసింది. అందుకే ప్రతి చర్చలో పది నిమిషాలు మూలం వెతకడానికి పెట్టాలి. వీడియో కింద ఉన్న ఆడియో పేరు నొక్కితే అదే ఆడియో వాడినవన్నీ వస్తాయి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆడియో ఎక్కించినవాళ్లు వేరు, పాట పాడినవాళ్లు వేరు, స్టెప్పు కట్టినవాళ్లు వేరు. మూడింటినీ విడివిడిగా రాసుకోవాలి. మీమ్ అయితే బొమ్మతో వెతికే సదుపాయం వాడి, వచ్చిన ఫలితాల్లో పాత తేదీ చూడాలి. మనకు దొరికిన వాటిలో పాతది లోకంలోకెల్లా పాతది కానక్కర్లేదు కనుక, ‘మొదటిది’ అని రాయకుండా ‘మాకు దొరికిన వాటిలో పాతది’ అని రాసుకోవడం మేలు.

సంగీతంలో దీనికి గట్టి ఉదాహరణ ఉంది. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికన్ బృందం చేసిన రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన డ్రమ్స్ ముక్క ఆరేడు సెకన్లు ఉంటుంది. ఆ తర్వాత హిప్‌హాప్ వాళ్లు, ఇంగ్లండ్‌లో జంగిల్ అనే వేగమైన డ్యాన్సు సంగీతం చేసినవాళ్లు దాన్ని కోసి, వేగం పెంచి, తిరగేసి వేల పాటల్లో వాడారు. కోల్‌మన్‌కు రాయల్టీ రాలేదు. ఆ ఆరు సెకన్లు గదిలో వినిపించి, దాన్ని వాడిన పాట ఒకటి పక్కనే వినిపించి, కాపీ ఎక్కడ ఆగింది, కొత్త పాట ఎక్కడ మొదలైందో చెప్పమని అడగండి. రీమిక్స్ న్యాయమా, దొంగతనమా అన్న వాదన దానంతటదే సన్నటి దారిలోకి వస్తుంది.

ఇక అంకెలు. ‘పది కోట్ల వ్యూస్ వచ్చాయి సార్’ అన్నాక చర్చ ఆగిపోతుంది. వ్యూ అంటే ఏమిటో అడిగితే మళ్లీ మొదలవుతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైనా, మళ్లీ తిరిగినా ఒక వ్యూ. ఇన్ని సెకన్లు చూడాలన్న లెక్క లేదు. స్పాటిఫైలో పాట 30 సెకన్లు నడిస్తేనే ఒక స్ట్రీమ్. పాటల ముందు ఉండే సుదీర్ఘమైన వాద్య సంగీతం తగ్గిపోవడానికి చాలామంది చెప్పే కారణాల్లో ఇదొకటి. నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి, చూసిన మొత్తం గంటలను సినిమా నిడివితో భాగించి వ్యూస్ చెబుతోంది. అంటే ఇద్దరు చెరో సగం చూసి వదిలేసినా అక్కడ ఒక వ్యూ అవుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది పెద్ద హిట్ అని తేల్చడం కిలోలనూ లీటర్లనూ కలిపి కూడటమే. గూగుల్‌లో ఏ మాటను ఎంతగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్ గ్రాఫు కూడా ఇలాగే మోసపుచ్చుతుంది. అందులో 100 అంటే వంద మంది కాదు, వంద శాతమూ కాదు. మనం ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న చోట ఆ మాట వెతుకులాట అత్యధికంగా ఉన్న రోజుకు 100 ఇచ్చి, మిగతా రోజులను దానితో పోల్చి చూపిస్తుంది. ఇద్దరు నటుల గ్రాఫులు విడివిడిగా తీసి పక్కన పెడితే ఇద్దరికీ ఎక్కడో ఒకచోట 100 ఉంటుంది, అభిమానులిద్దరూ గెలుస్తారు. రెండు పేర్లూ ఒకే పోలికలో వేసి తీయాలి. ఏ అంకె రాసుకున్నా పక్కన వేదిక పేరు, తేదీ ఉండాలి.

గ్యాలరీ కళ దగ్గరకు వచ్చేసరికి చిక్కు ఇంకో రకం. ఫోన్‌లో అన్ని బొమ్మలూ ఒకే సైజు. అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ సూప్ డబ్బాల బొమ్మ అనగానే ఒక డబ్బా కనిపిస్తుంది. 1962లో ఆయన గీసినవి 32 కాన్వాసులు, ఒక్కోటి 20 అంగుళాల ఎత్తు, 16 అంగుళాల వెడల్పు, ఒక్కో దాని మీద ఒక్కో రకం సూప్ పేరు. డ్రాయింగ్ షీట్లు ఆ కొలతకు కత్తిరించి, నాలుగు వరసల్లో ఎనిమిదేసి చొప్పున గోడకు అంటిస్తే పదిన్నర అడుగుల పైన వెడల్పు వస్తుంది. ఖాళీ షీట్లే అయినా ఫరవాలేదు, ఒక డబ్బా బొమ్మ ఫోన్‌లో చూపిస్తే మిగతాది పిల్లలు ఊహించుకుంటారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిని అలా వరసల్లో వేలాడదీసింది. లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి ప్రదర్శించినప్పుడు మాత్రం గోడ పొడవునా సన్నటి అర మీద ఒకే వరసలో నిలబెట్టారు, అచ్చం దుకాణంలోలా. అమరిక మారితే అర్థం మారిందా? ఈ ఒక్క ప్రశ్న అరగంట లాగుతుంది.

‘ఇలాంటిది మా తమ్ముడు కూడా చేస్తాడు’ అని ఎవరో ఒకరు అంటారు. నవ్వి తోసేయకండి, అది మంచి ప్రశ్న. మౌరిజియో కాటెలాన్ అనే ఇటలీ కళాకారుడు 2019లో అమెరికాలోని మయామీలో అరటిపండును టేపుతో గోడకు అంటించి 1,20,000 డాలర్లకు అమ్మాడు. 2024 నవంబరులో వేలంలో అదే కృతి తాలూకు ఒక ప్రతి 62 లక్షల డాలర్లు పలికింది. అమ్మింది పండు కాదు, అది వారం పది రోజులకు మార్చాల్సిందే. అమ్మింది ఒక ధ్రువపత్రం, నేల నుంచి 175 సెంటీమీటర్ల ఎత్తులో ఎలా అంటించాలో చెప్పే సూచనలు. ఇక్కడ ఒక జాగ్రత్త. ధర ముందే చెబితే గది మొత్తం ధర గురించే మాట్లాడుతుంది. ఇరవై నిమిషాలు ధర దాచి, పండు, టేపు, ఎత్తు, తెల్లగోడ వీటి గురించే మాట్లాడించి, ఆ తర్వాత చెప్పాలి. అప్పుడు ‘మా తమ్ముడు చేస్తే ఎందుకు కొనరు?’ అన్న ప్రశ్న గ్యాలరీల గురించి, పేరు గురించి, సంతకం గురించి మాట్లాడిస్తుంది. ముందే చెబితే ‘డబ్బున్నోళ్ల పిచ్చి’ దగ్గరే ఆగుతుంది. అదీ ఒక అభిప్రాయమే కానీ, మరీ త్వరగా వచ్చేసినది.

ఏఐ బొమ్మల విషయంలో కళేనా అని అడగడం కంటే ఎలా చేశావని అడగడం లాభం. ఏం రాసి అడిగావు, ఎన్నిసార్లు మార్చావు, వచ్చినదాని మీద నీ చేత్తో ఏం దిద్దావు, ఇవి కాగితం మీద పెట్టమనాలి. 2022లో అమెరికాలోని కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో, మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనంతో జేసన్ అలెన్ చేసిన బొమ్మకు డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. వందల సార్లు మార్చి మార్చి అడిగానని అలెన్ చెప్పినా, 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం దానికి హక్కు నమోదు చేయలేదు. బహుమతి ఇచ్చినవారూ హక్కు నిరాకరించినవారూ దేన్ని చూసి నిర్ణయించారన్నది చక్కటి అంశం. ఏఐ చేసిందో కాదో పట్టిస్తామనే సాధనాలను మాత్రం నమ్మి ఎవరినీ దోషిని చేయకండి, అవి మనుషులు గీసినవాటినీ తప్పుపడుతుంటాయి.

మనుషులతో వచ్చే తంటాలు రెండు ముఖ్యం. మొదటిది అభిమానుల గొడవ. అభిమానిని తన హీరో వీడియోలో అతి బలహీనమైన ఇరవై సెకన్లు ఎంచి చూపించమనండి, అతనంటే గిట్టనివాణ్ని అన్నిటికంటే బాగున్న ఇరవై సెకన్లు చూపించమనండి. ఇద్దరూ కాసేపు నసుగుతారు, తర్వాత వీడియో జాగ్రత్తగా చూస్తారు. రెండోది మౌనం. మాటలు మొదలుకాకముందే రెండు నిమిషాలు అందరూ చీటీ మీద ఒక్క పరిశీలన రాస్తే, నోరు విప్పని అమ్మాయి దగ్గర కూడా చదవడానికి ఒక వాక్యం ఉంటుంది. నడిపే అధ్యాపకులు తమ అభిప్రాయం ముందు చెప్పారంటే మిగతా గంట అంతా దానికి తాళమే పడుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. యువత పేజీలో వచ్చే కత్తిరింపులు చర్చలకు బాగా పనికొస్తాయి, కానీ బొమ్మ వేసినప్పుడు కింద కళాకారుడి పేరు ఒక్కటే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చేసిన ఏడాది, దేనితో చేశారు, ఎత్తు వెడల్పులు కూడా వేయండి. ట్రెండ్ గురించి రాస్తే అది ఎవరి దగ్గర మొదలైందో, కనుక్కోలేకపోతే ఆ మాటే రాయండి. వ్యూస్ చెబితే ఏ వేదికలో, ఏ తేదీకి అన్నది కలపండి. విద్యార్థుల కోసం మీరు వ్యాసరచన పోటీలు పెట్టినప్పుడు ‘వరమా, శాపమా’ బదులు ఒక బొమ్మ అచ్చువేసి, అందులో ఏం కనిపిస్తోందో 300 మాటల్లో రాయమని అడిగి చూడండి.

ఇట్లు,
కళాశాలల్లో చర్చా బృందాలు నడిపే కొందరు అధ్యాపకులు