ఫిర్యాదు: ఆర్-12 కారు ఏసీల కోసం మీరు అమ్ముతున్న గ్యాస్ టిన్ను మీద ఉన్న తప్పుడు సూచనలు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్ల ఏసీలు బాగుచేసే మెకానిక్‌లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఒకప్పుడు కార్ల ఏసీల్లో నింపిన ఆర్-12 గ్యాస్‌కు బదులుగా మీరు అమ్ముతున్న ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమం చల్లదనం ఇవ్వదని మేము అనడం లేదు. బాగానే ఇస్తుంది, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్‌లోని పాత మినరల్ ఆయిల్‌తోనూ కలుస్తుంది. మా ఫిర్యాదంతా టిన్ను మీద మీరు అచ్చువేసిన సూచనల గురించే. వాటిని నమ్మి గ్యాస్ పట్టిన బండ్లు పాడైన కంప్రెసర్లతో మా షెడ్లకు వస్తున్నాయి.

'ఆర్-12 ఎంత పట్టేదో అంతే నింపండి' అన్న వాక్యంతోనే అసలు నష్టం మొదలవుతోంది. ఆర్-12 ద్రవం లీటరు సుమారు 1.3 కిలోలు తూగుతుంది. మీ మిశ్రమం అర కిలోకు కాస్త అటూఇటూ. అంటే 800 గ్రాముల ఆర్-12 పట్టే బండికి ఇది 300 నుంచి 320 గ్రాములు చాలు. 800 గ్రాములూ ఎక్కిస్తే డ్రయర్ (తేమ పీల్చే డబ్బా) నిండిపోయి, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో ద్రవం నిలిచిపోతుంది. హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ గ్యాస్‌ను నెట్టే వైపు ఒత్తిడి) పెరిగి బెల్టు అరుస్తుంది, క్లచ్ మాడుతుంది. ద్రవం సక్షన్ వైపు, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను పీల్చుకునే వైపు వచ్చిందంటే లోపలి పలుచటి రేకుల్లాంటి రీడ్ వాల్వులు విరుగుతాయి.

గ్యాస్ ఎక్కువైందని కొన్నవాళ్లకు తెలిసే దారి కూడా మీరు ఉంచలేదు. కిట్‌లో ఇచ్చేది లో సైడ్ గేజ్ (తక్కువ ఒత్తిడి వైపు మీటరు) ఒక్కటే, దాని మీద 40 పీఎస్‌ఐ వచ్చేదాకా నింపమంటారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న ఏసీలో కూలింగ్ కాయిల్‌కు ఎంత గ్యాస్ వెళ్లాలో ఆ వాల్వే నిర్ణయిస్తుంది కాబట్టి, గ్యాస్ అతిగా ఎక్కినా లో సైడ్ ముల్లు పెద్దగా కదలదు. తేడా కనబడేది హై సైడ్‌లో, అంటే ఎక్కువ ఒత్తిడి వైపు. పైగా బయటి ఎండను బట్టీ, ఇంజన్ వేగాన్ని బట్టీ కూడా రీడింగ్ మారుతుంది. మే నెల మధ్యాహ్నానికీ డిసెంబరు ఉదయానికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? కొలవాల్సింది తూకం, గేజ్ కాదు. డిజిటల్ కాటా మీద టిన్ను పెట్టి నింపమని ఒక్క ముక్క రాస్తే సగం కంప్రెసర్లు బతుకుతాయి.

టిన్నును నిటారుగా పట్టుకోమనడం మరో తప్పు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర మరుగుతాయి. నిటారుగా ఉన్న టిన్నులోంచి ఆవిరి తీస్తే ముందు ప్రొపేనే ఎక్కువగా వస్తుంది. సగం టిన్ను ఒక బండికి పట్టి మిగతాది ఇంకో బండికి పడితే మొదటిదానికి ప్రెషర్ ఎక్కువ, రెండోదానికి కూలింగ్ తక్కువ. తలకిందులు చేసి, ద్రవంగా, వాల్వ్‌ను కొద్దికొద్దిగా తెరుస్తూ నింపాలి.

'వాక్యూమ్ అవసరం లేదు', అంటే పంపుతో లోపలి గాలి, తేమ లాగేయనక్కర్లేదు అని కూడా రాశారు. ఏ గ్యాస్‌కైనా ఇది తప్పే. లోపల మిగిలిన గాలి హెడ్ ప్రెషర్ పెంచుతుంది, తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. డ్రయర్ మార్చి కనీసం అరగంట వాక్యూమ్ తీసి, పంపు ఆపాక ముల్లు నిలిచిందో లేదో చూసిన తర్వాతే గ్యాస్ పట్టాలి. మీరు కలిపిన లీక్ సీలర్ సంగతీ ఇంతే. తేమ తగిలితే గట్టిపడే ఆ పదార్థం మా గేజ్ హోసుల్లో, రికవరీ మెషీన్లలో ఇరుక్కుంటోంది.

వీటన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నది మంట సంగతి. 'పర్యావరణహితం' అని పెద్ద అక్షరాలు వేసి, మండే గ్యాస్ అన్న మాట కనబడనంత చిన్నగా వేశారు. ఆర్-12 మండదు. మీ మిశ్రమం గాలిలో సుమారు 2 శాతం చేరితే అంటుకుంటుంది. చిన్న కారు లోపల రెండున్నర ఘనపు మీటర్ల గాలి అనుకుంటే, అద్దాలు మూసి ఉన్నప్పుడు 100 గ్రాములు లీకైతే చాలు. గాలికన్నా బరువు కాబట్టి కింద, కాళ్ల దగ్గర ఇంకా ముందే పేరుకుంటుంది. కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు కింద, దాని పక్కనే నిప్పురవ్వలు రాగల బ్లోయర్ మోటారు. ఆర్-12 రోజుల నాటి అలవాటుతో ఇంకా హాలైడ్ టార్చ్ మంటతో లీక్ వెతికేవాళ్లున్నారు. అది ఈ గ్యాస్‌ను పట్టుకోదు సరికదా, మంటే ప్రమాదం. సబ్బు నురుగుతో చూడమని మీ టిన్ను చెప్పదు. ఆర్-12 కార్లలో ఇలాంటి మండే మిశ్రమాలను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అనుమతించలేదు.

ఆర్-134ఎ అనే మండని గ్యాస్‌కి మారడం 'అనవసరపు ఖర్చు' అన్న ప్రచారాన్ని కూడా ఆపండి. మినరల్ ఆయిల్ తీసేసి ఈస్టర్ ఆయిల్ పోసి, ఆ గ్యాస్‌కు సరిపడే ఎక్స్‌హెచ్-7 డ్రయర్, హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు 'ఓ' రింగులు వేసి, ఆర్-12 తూకంలో 80 నుంచి 85 శాతం నింపితే మంట భయం లేకుండా పనవుతుంది. కూలింగ్ కాస్త తగ్గొచ్చు, కండెన్సర్‌కు అదనపు ఫ్యాన్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడున్న స్టాకు అమ్మకం వెంటనే ఆపండి. కొత్త లేబుల్ మీద మిశ్రమంలోని పాళ్లు, గ్రాముల లెక్కన నింపే పట్టిక, మంట హెచ్చరిక తెలుగులో పెద్దగా వేయండి. సీలర్ లేని టిన్ను వేరుగా ఇవ్వండి. మీ సూచనల ప్రకారమే నింపి కంప్రెసర్ పోగొట్టుకున్నవారికి ఖర్చు చెల్లించండి. సరైన వాడకం సూచనలు, హెచ్చరికలు లేకుండా అమ్మిన సరుకు వల్ల జరిగే హానికి తయారీదారే బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ చెబుతోంది. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. టిన్నుల ఫోటోలు, విరిగిన రీడ్ వాల్వుల ఫోటోలు దీనితో జతచేశాం.

ఇట్లు,
కారు ఏసీ మెకానిక్‌లు,
ఆటోనగర్, విజయవాడ