ఏప్రిల్ 6: విశాఖ కాలనీలు కుటుంబాలతో జరుపుకోవాలంటే

సంపాదకులకు,

1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజుల్లో జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలను ముంచింది. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు వెళ్లి, 1946లో గానీ తిరిగి రాలేదు. 2027కి ఆ దాడికి 85 ఏళ్లు. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు జరిగితే బీచ్ రోడ్డు నిండిపోతుంది. ఏప్రిల్ 6 మాత్రం ఎవరికీ పట్టదు. ఆ రోజును కుటుంబాలతో గుర్తు చేసుకోవాలనుకునే కాలనీ సంఘాల కోసం, ఏర్పాట్ల లెక్కలు తెలిసినవాళ్లుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు తేదీ సంగతి. 2027 ఏప్రిల్ 6 మంగళవారం, పైగా కొత్త అమావాస్య. మర్నాడే ఉగాది. సగం ఊరు అనకాపల్లి నూకాలమ్మ జాతరలో, మిగతా సగం పండగ పనుల్లో ఉంటుంది. పోలీసు బందోబస్తు కూడా అటే. కాబట్టి 4వ తేదీ ఆదివారం పెట్టుకోవడమే తెలివైన పని. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి. ఆ తర్వాత ఎండలో ముసలివాళ్లను, చంటిపిల్లలను కూర్చోబెట్టడం తగదు.

ఇది విజయోత్సవం కాదని అందరూ ముందే అనుకోవాలి. బాణసంచా, డ్రోన్ల విన్యాసం, డీజే వద్దు. అందరికీ మొదట తట్టేది విమాన దాడి సైరన్ మోగించడం. దాని జోలికి అసలు పోవద్దు. 2020 మే 7న గ్యాస్ లీకైన ఊరు ఇది. 2025 మే 7న పౌర రక్షణ మాక్ డ్రిల్ సైరన్లు విన్న ఊరు కూడా ఇదే. లౌడ్‌స్పీకర్లో సైరన్ వేస్తే పది నిమిషాల్లో వాట్సాప్‌లో అదొక వార్త అయి కూర్చుంటుంది. పిల్లలకు తేడా తెలియాలంటే మూసిన గదిలో, ఫోన్ స్పీకర్ మీద చాలు. ఎగసిపడుతూ మోగితే ప్రమాద హెచ్చరిక, ఒకే శ్రుతిలో మోగితే ప్రమాదం తప్పినట్టు.

రెండో పొరపాటు, బాంబుల నుంచి దాక్కునే కందకాన్ని బీచ్‌లో తవ్వి చూపించడం. పొడి ఇసుక గోడ నిలవదు, 34 డిగ్రీల వాలుకు జారిపోతుంది. తడి ఇసుక కాసేపు నిలిచినట్టే ఉండి, ఎండ తగలగానే ఒక్కసారిగా కూలుతుంది. నడుము లోతు గుంటలో కూర్చున్న పిల్లాడి మీద అది పడితే బయటకు లాగడం పెద్దవాళ్ల వల్ల కూడా కాదు. తవ్వే బదులు కాలనీ మైదానంలో ముగ్గుతో గీయండి. వెడల్పు రెండడుగులు, ఒక్కో చేయి (మలుపుకూ మలుపుకూ మధ్య ముక్క) పదడుగులు, మలుపులు తిరుగుతూ ఐదు చేతులు. పేలుడు దెబ్బ కందకం పొడవునా పాకకుండా ఉండటానికే ఆ మలుపులు. మనిషికి అడుగున్నర చొప్పున ఒక్కో చేతిలో ఆరుగురు, మొత్తం మీద ముప్పై మంది పడతారు. వీధిలో ఎన్ని ఇళ్లున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. అలాంటి కందకాలు ఎన్ని కావాలో వాళ్లే చెబుతారు.

బ్లాకౌట్, అంటే శత్రు విమానాలకు కనబడకుండా ఇళ్ల వెలుతురు దాచడం, చూపాలంటే ఒక్క గదితో సరిపెట్టండి. కిటికీలకు నల్ల కాగితం అంటించి, లోపల దీపం పెట్టి, బయట నుంచి ఎక్కడ వెలుతురు కారుతోందో పిల్లల్నే పట్టుకోమనండి. మొదటిసారి అందరూ వెంటిలేటర్ మర్చిపోతారు. కాలనీ అంతా కరెంటు ఆపడం మాత్రం వద్దు. లిఫ్టులున్నాయి, ఇళ్లలో ఆక్సిజన్ యంత్రాల మీద ఉన్నవాళ్లున్నారు.

నడవగలిగినవాళ్లను బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి విశాఖ మ్యూజియం దాకా, వాకర్ల కోసం వాహనాలు ఆపే వేళలోనే నడిపించండి. పేలకుండా మిగిలిన జపాన్ బాంబు మ్యూజియంలో ఉంది. మామూలు వేళలకు ముందే తలుపులు తీయాలంటే నిర్వాహకులకు నెల ముందు లేఖ ఇవ్వాలి. జాలారిపేట వైపు ఇసుకలోంచి తేలే కాంక్రీటు పిల్‌బాక్స్‌ను (లోపల దాగి తుపాకులు పేల్చే కట్టడం) దూరం నుంచే చూపండి. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులూడుతుంది, కింద ఇసుకను అలలు తోడేస్తుంటాయి. ఫొటో కోసం ఎవరినీ దానిపైకి ఎక్కనివ్వకండి.

పాత వస్తువుల బల్ల పెడితే రేషన్ కార్డులు, ఉత్తరాలు, హరికేన్ లాంతర్లు తెమ్మనండి. తూటాలు, గుండ్లు, వాటి తొడుగులు తేవద్దని కరపత్రంలోనే రాయండి. లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అంతకంటే ముఖ్యం, తుప్పు పట్టినంత మాత్రాన అది చచ్చిందనుకోకూడదు. ఎవరింట్లోనైనా ఉంటే కదపకుండా అత్యవసర నంబరు 112కు చెప్పాలి.

షామియానా ఇసుకలో వేస్తే మామూలు మేకులు పట్టవు. సిమెంటు సంచిలో మూడొంతుల్లో రెండొంతులు ఇసుక నింపి, తాడు కట్టి, రెండడుగుల లోతున పాతండి. తాడుకు ఒక సంచి. పొద్దెక్కి సముద్రపు గాలి తిరిగేసరికి గుడ్డ విప్పేసి ఉండాలి. మూడు వందల మందికి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఇరవై. మజ్జిగ తలా గ్లాసు చొప్పున అరవై లీటర్లు, అంటే పదిహేను లీటర్ల పెరుగు, నలభై ఐదు లీటర్ల నీళ్లు, పావు కిలో ఉప్పు. నీళ్లు అక్కడే కలపాలి. రాత్రే కలిపి తెస్తే తెల్లారేసరికి పులుస్తుంది.

అసలు ప్రాణం పెట్టాల్సింది పెద్దల మాటలు రికార్డు చేసే జ్ఞాపకాల బల్ల దగ్గర. అప్పటికి ఎనిమిదేళ్లున్నవారికి 2027లో తొంభై మూడు. అందుకే ఎక్కువగా దొరికేది ‘మా అమ్మ చెప్పేది’ అనే మాటే. అదీ విలువైనదే, కానీ ప్రతి రికార్డింగ్‌కూ చూసినవారా, విన్నవారా అని రాసుకోండి. ‘భయపడ్డారా?’ అనడిగితే అవును అని ఊరుకుంటారు. ఏ ఊరు వెళ్లారు, బండి మీదా రైల్లోనా, వెంట ఏం తీసుకెళ్లారు, ఇంటికి కాపలా ఎవరున్నారు, ఎప్పుడు తిరిగొచ్చారు అని అడగండి. 1971 డిసెంబర్‌లో విశాఖ తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి చప్పుడునూ, అప్పటి బ్లాకౌట్‌నూ చాలామంది 1942లో కలిపేస్తారు. ‘అప్పటికి మీకు పెళ్లయిందా, ఏ తరగతి చదువుతున్నారు?’ అనడిగితే ముడి విడిపోతుంది. రంగూన్ నుంచి 1942లో నడిచొచ్చినవారి కుటుంబాలను కూడా పిలవండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఫ్యాన్ ఆపాలి, ఇరవై నిమిషాలకో ఫైలు చేయాలి. ఆ సాయంత్రమే రెండు చోట్ల కాపీ తీయాలి.

ఇక దాడి వివరాలు రాసి పెట్టే బోర్డు. మృతుల సంఖ్య ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు కాబట్టి అంకె వేయకండి. పెర్ల్ హార్బర్ ఫొటోలను విశాఖవిగా అంటించకండి. దాడి జరిగిన రోజు, నౌక పేరు, రెండు ఊళ్ల పేర్లు చాలు. కాకినాడను మాత్రం వదలొద్దు.

ఇట్లు,
కొందరు పాఠకులు, విశాఖపట్నం