బండికి ఎర్త్ ఎక్కడుంది, బిడ్డా?

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా,

మొన్న వీడియో కాల్‌లో ఇల్లులాంటి నీ వ్యాన్ బండిని లోపలంతా తిప్పి చూపించావు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, పైన ఏసీ. మీ అవ్వ సంబరపడి వాడకట్టంతా చెప్పింది. నా కన్ను మాత్రం తలుపు పక్కన ఉన్న కరెంటు ప్లగ్గు మీదనే పడింది. ఫోన్‌లో అడుగుదామంటే అల్లుడు ఏమనుకుంటాడోనని ఆగాను. అందుకే రాస్తున్నాను.

మన పాత ఇనుప కూలర్ యాదికుందా? నువ్వప్పుడు మూడో తరగతి. మీ అవ్వ నీళ్లు పోస్తూ తడి చేత్తో దాని డబ్బా పట్టుకుంది. షాక్ కొట్టి గడప మీద పడింది. మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. విప్పి చూస్తే లోపల పంపు వైరు తోలు పోయి డబ్బాకు తగులుతోంది. అది కాదు అసలు తప్పు. గోడ సాకెట్‌లో పట్టడం లేదని మూడు పిన్నుల ప్లగ్గు తీసేసి రెండు పిన్నులది పెట్టింది నేనే. ఆ మూడో పిన్నే ఎర్త్, డబ్బాకు తగిలిన కరెంటును భూమిలోకి దింపేది. ఊళ్లో అందరి బోరు మోటర్లకూ ఎర్త్ వైరు కట్టమని చెప్పేవాణ్ణి, నా ఇంట్లో తీసేశాను. ఈ మాట ఇన్నేండ్లలో ఎవరికీ చెప్పలేదు.

నీ బండి కూడా అలాంటి ఇనుప డబ్బానే. కింద రబ్బరు టైర్లు కాబట్టి దానికి భూమితో సంబంధం లేదు. నువ్వు గుంజుకునే కేబుల్‌లోని మూడో వైరు ఒక్కటే దాని ఎర్త్. అవతలి సాకెట్‌లో ఎర్త్ లేకపోతే, లోపల ఏ వైరు బాడీకి తగిలినా బండి మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. లోపల కూర్చున్నంతసేపు ఏమీ తెలియదు. వాన పడ్డ నేల మీద కాలు పెట్టి తలుపు హ్యాండిల్ పట్టుకున్నప్పుడే తెలుస్తుంది.

మన దగ్గర బండ్ల కోసమని కట్టిన సాకెట్లు ఎక్కడున్నాయి? లక్నవరం పోయినా, రామప్ప పోయినా ఏ హోటల్ వాళ్లనో, దాబా వాళ్లనో అడిగి కరెంటు తీసుకోవాలి. మూడు రంధ్రాలు కనిపించగానే నమ్మకు. చాలాచోట్ల పై రంధ్రం వెనక వైరే ఉండదు. మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్ ఒకటి కొనుక్కో. ఏవి వెలిగితే ఏమిటో దాని మీదనే రాసి ఉంటుంది. ఎర్త్ లేదని చూపిస్తే ఆ రాత్రి బ్యాటరీ మీదనే గడపండి. మేడారం జాతరకు పోతే కట్టెలకు చుట్టి లాగిన వైర్ల జోలికి అసలే పోవద్దు.

బండిలో ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, ఉందని అల్లుడు అన్నాడు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా చాలు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు పెట్టించు. పోయిన కరెంటు అంతా తిరిగి రాకపోతే వెంటనే కట్ చేస్తుంది. ఎర్త్ ఉంటే వైరు బాడీకి తగలగానే పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఎవరికో ఒకరికి తగిలాకే పడుతుంది. అందుకని అది ఉంది కదా అని ఎర్త్ వదిలేయొద్దు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కు.

కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్లది, మూడు కోర్లది, అంటే లోపల మూడు వైర్లున్నది తీసుకో. చుట్ట మొత్తం విప్పి పరచు. చుట్ట మీదనే ఉంచి ఏసీ, ఇండక్షన్ పొయ్యి రెండూ నడిపితే వేడెక్కి తోలు కరుగుతుంది. ముందు బండికి తగిలించి, తర్వాత గోడ సాకెట్‌కు పెట్టు. తీసేటప్పుడు ముందు గోడ దగ్గర తియ్యి.

12 వోల్టులే కదా అని బ్యాటరీని తక్కువ చేయకు. షాక్ కొట్టదు కానీ నిప్పు పుట్టిస్తుంది. ఇన్వర్టర్ మీద 1200 వాట్లు వాడితే బ్యాటరీ నుంచి 100 ఆంపియర్లకు పైగానే గుంజుతుంది. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజ్ ఉందా? వైరు రేకులోంచి దూరే చోట రబ్బరు వాషర్ వేశారా? బండి అదురుకు ఇంటి వైరింగ్‌లో వాడే ఒంటి తీగ వైరు విరుగుతుంది, స్క్రూలు వదులవుతాయి. సన్న పోగుల వైరే వాడమను, కొసలకు లగ్గులు, అంటే స్క్రూ కింద బిగించే లోహపు ముక్కలు, నొక్కమను. ఇవన్నీ ఫోటోలు తీసి పంపు.

వచ్చే శనివారం వస్తామన్నారు కదా. ఇంటి ఎర్త్ పైపు తుప్పు పట్టింది. పోయిన వారమే కొత్త గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త పైపు దింపించాను. మీ అవ్వ రోజూ అందులో బిందెడు నీళ్లు పోస్తోంది. వేపచెట్టు పక్కన గోడకు 16 ఆంపియర్ల సాకెట్ బిగిస్తున్నాను. బండిని అక్కడే ఆపుకోండి, కానీ నేను బయటికి వచ్చేదాకా ప్లగ్గు పెట్టొద్దు.

మీ బాపు