‘ప్రమాణాలకు అనుగుణం’ అని రాస్తే సరిపోతుందా? సమాచార సాంకేతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. ప్రజా సంస్థల డేటా సెంటర్లకు కొనే ప్రతి సర్వరూ బహిరంగ ప్రమాణాలకు లోబడి ఉండాలన్న మీ శాఖ విధానం గురించి మీకు నేను వివరించబోవడం హాస్యాస్పదం అవుతుంది. ఆ విధానం మీదే, దాని మీద సంతకమూ మీదే. సరఫరా అయిన యంత్రాలను స్వీకరించే ముందు వాటి అనుగుణతను పరీక్షించి నివేదిక తీసుకుంటామన్న హామీ, ప్రమాణాలు రూపొందే పరిశ్రమ వేదికలకు మన ఇంజనీర్లను పంపుతామన్న హామీ కూడా ఆ విధానంలోనివే. ఈ రెండు హామీల గతి ఏమైందని అడుగుతూ ఇంతకుముందు పంపిన వినతిపత్రాలన్నిటికీ ‘పరిశీలనలో ఉన్నది’ అన్న ఒకే జవాబు వచ్చింది. ఇంత సుదీర్ఘమైన పరిశీలనకు మా కృతజ్ఞతలు తెలుపుకుంటూనే, ఇక బహిరంగంగా రాయక తప్పడం లేదని మనవి చేస్తున్నాను.

మా కష్టం ఒక్క వాక్యంలో మొదలవుతుంది. టెండరు పత్రంలో ‘రెడ్‌ఫిష్ ప్రమాణానికి అనుగుణంగా ఉండవలెను’ అని ఒక వరుస ఉంటుంది. రెడ్‌ఫిష్ అంటే ఏ కంపెనీ సర్వరునైనా ఒకే తీరున దూరం నుంచి నిర్వహించడానికి ఏర్పడిన ఉమ్మడి ప్రమాణం. దాని పక్కన సరఫరాదారు ‘అవును’ అని రాస్తాడు. అంతటితో మీ శాఖ దృష్టిలో ప్రమాణం అమలైపోయినట్టే. ఆ ‘అవును’ వెనుక ఏముందో ఎవరూ చూడరు, చూడమని ఎవరూ అడగరు. యంత్రాలు వచ్చి ర్యాకుల్లోకి ఎక్కాక, వాటిని దూరం నుంచి నడపవలసిన మాకు మాత్రమే ఆ సంగతి తెలుస్తుంది.

ఏం తెలుస్తుందంటే, మూడు కంపెనీల సర్వర్లూ పుస్తకం ప్రకారం ప్రమాణాన్ని పాటిస్తూనే మూడు భాషల్లో మాట్లాడతాయి. ఎంత కరెంటు లాగుతున్నావని ఒక కంపెనీ యంత్రాన్ని అడిగితే ప్రమాణం చెప్పిన చోటనే అంకె ఇస్తుంది. రెండో కంపెనీ యంత్రం అదే చోట ‘నల్’ అని, అంటే తనకు తెలియదని, మర్యాదగా చెప్పి, అసలు అంకెను ‘ఓఈఎం’ విభాగంలో, అంటే తయారీదారు సొంతానికి వదిలిన చోట, దాచుకుంటుంది. మూడోదానికి అసలు ఆ చోటే లేదు. ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఇమిడి ఉండే మూల సాఫ్ట్‌వేరు) మార్చాలంటే ఒకటి చిరునామా ఇస్తే తానే ఫైలును తెచ్చుకుంటుంది, మరొకటి ఫైలును మనమే తోస్తే గాని తీసుకోదు, ఇంకొకటి తన కంపెనీ పనిముట్టుతో తప్ప కదలదు. ఒక భద్రతా లోపం బయటపడి అన్ని యంత్రాలకూ వెంటనే సవరణ వేయాల్సి వచ్చిన రోజున, ఒక్క స్క్రిప్టుతో (కంప్యూటరుకు రాసిపెట్టే ఆదేశాల వరుసతో) పూర్తికావలసిన పనికి మూడు స్క్రిప్టులు రాసి, మూడింటినీ విడివిడిగా పరీక్షించి, విఫలమైన వాటి దగ్గరకు మనుషులను పంపవలసి వస్తుంది. ఒకే ప్రమాణం, ఒకే పద్ధతి అని విధానంలో రాసుకున్న మాటకు ఆచరణలో అర్థం ఇదీ.

దీనికి పైన లైసెన్సుల బాధ. దూర నిర్వహణ సదుపాయాలు యంత్రంలోనే ఉంటాయి. వాటిలో కొన్నిటిని వాడాలంటే మాత్రం అదనపు లైసెన్సు కొనాలి. ఇల్లు అమ్మినవాడే తాళంచెవికి అద్దె అడిగినట్టు ఉంటుంది ఆ బేరం. టెండరులో ఆ లైసెన్సు ప్రస్తావన ఉండదు, కనుక ధరలోనూ ఉండదు. అతి తక్కువ ధర కోట్ చేసిన సంస్థ గెలుస్తుంది, ఆ మిగులు మీ నివేదికల్లో పొదుపుగా కనిపిస్తుంది, తర్వాత లైసెన్సుకు నిధులు అడిగితే ముందే ఎందుకు చెప్పలేదని మమ్మల్నే నిలదీస్తారు. ముందే చెప్పాం. ఆ వినతి కూడా పరిశీలనలోనే ఉంది.

ఇందులో ప్రమాణాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కంప్యూటర్ల నిర్వహణకు ప్రమాణాలు రూపొందించే పరిశ్రమ కూటమి డీఎంటీఎఫ్ 2015 ఆగస్టులో విడుదల చేసిన రెడ్‌ఫిష్, అంతకుముందు తరం ప్రమాణాలతో పోలిస్తే ఎంతో మేలైనది. మామూలు వెబ్ పరిజ్ఞానం ఉన్న ఏ ఇంజనీరైనా వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్ మీద అడిగి, జేసన్ అనే సులువుగా చదవగల పాఠ్య రూపంలో జవాబు చదువుకోవచ్చు. 2018లో అది ఐఎస్‌ఓ/ఐఈసీ 30115గా అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. చిక్కంతా దాని నిర్మాణంలోనే ఉన్న ఒక రాజీలో ఉంది. అది చెప్పే లక్షణాల్లో తప్పనిసరైనవి చాలా కొద్ది, మిగిలినవన్నీ ఐచ్ఛికం. పైగా ఏ కంపెనీ అయినా తన ప్రత్యేకతలను పెట్టుకోవడానికి ‘ఓఈఎం’ అనే గది ప్రతిచోటా ఉంది. పోటీదారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పందానికి రావాలంటే ఇలాంటి వెసులుబాటు లేకుండా కుదరదని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఆ వెసులుబాటులో ఏది తప్పనిసరో తేల్చవలసిన బాధ్యత కొనేవారిది. మన తరఫున కొనేది మీ శాఖ.

ఈ కథ కొత్తదేమీ కాదు. నెట్‌వర్కు పరికరాల నిర్వహణ కోసం, ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 1990లోనే ఎస్‌ఎన్‌ఎంపీ అనే ప్రమాణాన్ని ఆర్‌ఎఫ్‌సీ 1157 అనే పత్రంగా ప్రచురించింది. అందులోనూ చెట్టులా అమర్చిన సమాచారంలో ప్రతి తయారీదారుకూ ఒక ప్రైవేటు కొమ్మ కేటాయించారు, అవసరమైన సమాచారంలో చాలా భాగం ఆ కొమ్మల్లోకే వెళ్లి చేరింది. 1998లో ఇంటెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ, డెల్ కలిసి సర్వర్ల నిర్వహణకు ఐపీఎంఐని తెచ్చాయి. 2014లో రెడ్‌ఫిష్ ప్రయత్నాన్ని ప్రకటించినవి డెల్, ఎమర్సన్, హెచ్‌పీ, ఇంటెల్. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి: రెండింటిలోనూ ఉన్నవి తయారీదారుల పేర్లే. ఆ పని డీఎంటీఎఫ్ గొడుగు కిందికి వచ్చాక మైక్రోసాఫ్ట్ వంటి, తమ అవసరాలకు తామే భారీగా సర్వర్లు కొనే సంస్థలు కూడా వచ్చి కూర్చున్నాయి. అవి కూర్చున్నాయి కనుకనే వాటి అవసరాలు ప్రమాణంలోకి ఎక్కాయి. ఫేస్‌బుక్ చొరవతో 2011లో మొదలైన ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టయితే ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ యంత్రాలు కొనేవారే, తమకు ఏ లక్షణాలు ఉండి తీరాలో చెప్పే ప్రాథమిక ప్రొఫైలును రెడ్‌ఫిష్ మీద రాయించుకున్నారు. ప్రజాధనంతో వేలాది యంత్రాలు కొనే మన శాఖ కుర్చీ మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

‘మనం ప్రమాణాలను వాడేవాళ్లమే గాని తయారుచేసేవాళ్లం కాదు’ అని మీ శాఖాధికారి ఒకరు మాకు సెలవిచ్చారు. వారి వినయాన్ని గౌరవిస్తాను గాని, ప్రమాణాలు తయారయ్యే తీరు వారికి తెలిసినట్టు లేదు. పరిశ్రమ కూటముల్లో ఏ ప్రమాణమూ ఆకాశం నుంచి ఊడిపడదు. సభ్యసంస్థల ఇంజనీర్లు వర్కింగ్ గ్రూపుల్లో వారం వారం కూర్చుని ఒక్కొక్క లక్షణానికి పేరు, కొలమానం, అర్థం నిర్ణయిస్తారు. అసంపూర్తి ముసాయిదాను ‘పని జరుగుతున్నది’ అన్న ముద్రతో బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతారు, తర్వాత సభ్యుల ఆమోదంతో ఖరారు చేస్తారు. అక్కడ ఓటు వేయాలంటే సభ్యత్వ రుసుము కట్టాలి, అభిప్రాయం చెప్పడానికి మాత్రం రుసుము అక్కర్లేదు. ఐఈటీఎఫ్‌లోనయితే సభ్యత్వమన్నదే లేదు, ఎవరైనా వ్యక్తిగా చేరి వాదించవచ్చు. వచ్చి కూర్చున్నవారి అవసరమే ప్రమాణంలోకి ఎక్కుతుంది. రానివారి అవసరం ఐచ్ఛికాల్లోనైనా చోటు దక్కించుకోదు.

ఒక ఉదాహరణ చెబుతాను. రెడ్‌ఫిష్‌లో ఉష్ణోగ్రతలు, ఫ్యాన్లు, విద్యుత్తు వివరాలు మొదట ఒక అమరికలో ఉండేవి. కొన్నేళ్ల క్రితం దాన్ని పాతదిగా ప్రకటించి కొత్త అమరికను తెచ్చారు. కొత్తది మెరుగైనదే, సందేహం లేదు. కానీ మా దగ్గర పాత యంత్రాలూ కొత్తవీ కలిసే నడుస్తున్నాయి, కొత్త బడ్జెట్టు వచ్చేదాకా పాతవాటిని దింపే అవకాశం మాకు లేదు. కొత్త యంత్రాలు పాత అమరికకు కూడా ఎన్నాళ్లు జవాబివ్వాలన్న ప్రశ్నను, దీర్ఘకాలం యంత్రాలు నడిపే ప్రజా సంస్థ తప్ప ఎవరు లేవనెత్తుతారు? మన తరఫున లేవనెత్తినవారు లేరు. పర్యవసానంగా మా పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు ప్రతి యంత్రాన్నీ రెండు విధాలుగా ప్రశ్నిస్తోంది.

ఐపీఎంఐ సంగతి ఎత్తకుండా ఉందామనుకున్నాను గాని మనసు ఒప్పడం లేదు. దాని 2004 నాటి 2.0 సంచికలోని ధ్రువీకరణ పద్ధతిలో ఒక లోపం ఉన్నట్టు 2013లోనే లోకమంతటికీ తెలిసింది. లాగిన్ కాకముందే, అడిగినవారికి సర్వరు పాస్‌వర్డు హ్యాష్‌ను, అంటే పాస్‌వర్డును ఊహించి పట్టుకోవడానికి పనికొచ్చే దాని సంకేత రూపాన్ని, అప్పగిస్తుంది. అది ఏ ఒక్క కంపెనీ చేసిన పొరపాటో కాదు, స్పెసిఫికేషన్‌లోనే ఉన్నది, కనుక ఫర్మ్‌వేర్ సవరణతో పోయేది కాదు. అయినా మీ శాఖ టెండరు నమూనాలో ‘ఐపీఎంఐ 2.0 ఉండవలెను’ అన్న వరుస నేటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని తొలగించండి, లేదా కనీసం ఆ సదుపాయాన్ని ఆపివేసిన స్థితిలోనే యంత్రాలు అందించాలని చేర్చండి అని కోరాం. నమూనా మార్చడానికి కమిటీ వేయాలట. కమిటీ వేయడానికి మరొక కమిటీ సిఫారసు కావాలట.

ఇప్పుడు మేం కోరేది ఏ ఖజానాకూ భారమైనది కాదు. ఏ లక్షణాలు తప్పనిసరిగా ఉండాలో, ఏ చర్యలు పనిచేసి తీరాలో కొనేవారే ఒక ప్రొఫైలుగా రాసుకునే విధానాన్ని డీఎంటీఎఫే ప్రచురించింది. ఆ ప్రొఫైలు కూడా జేసన్ ఫైలే, కంప్యూటరు చదవగలిగినదే. దాన్ని ఎదుట పెట్టుకుని యంత్రాన్ని పరీక్షించి, ఏది ఉన్నది, ఏది లేదని నివేదిక ఇచ్చే ఉచిత పరికరం కూడా ఉంది. యంత్రం జవాబులు ప్రమాణపు స్కీమాలకు (జవాబులు ఉండవలసిన అమరికలకు) సరిపోతున్నాయో లేదో చూసే పరికరం వేరే ఉంది. ఈ రెండింటినీ సరఫరా రోజున నడిపి, నివేదిక సంతృప్తికరంగా ఉంటేనే బిల్లు చెల్లిస్తామని టెండరులో ఒక్క వాక్యం చేర్చితే, మేం ఇంతవరకు ఏకరువు పెట్టిన కష్టాల్లో సగం సరఫరాదారు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. మీ విధానంలో హామీ ఇచ్చిన పరీక్ష ఇదే కదా, అయ్యా. దాన్ని ఎవరు ఆపుతున్నారు?

అలా చేస్తే పోటీ తగ్గుతుందని, ధరలు పెరుగుతాయని మీకు ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినవారు ఏ వైపు నుంచి వచ్చారో ఒక్కసారి విచారించండి. తప్పనిసరి లక్షణాలు అందరికీ ఒకటే అయినప్పుడు, వచ్చే ఏడాది మరొక కంపెనీని ఎంచుకునే స్వేచ్ఛ మీకు మిగులుతుంది. ఈనాడు ఆ స్వేచ్ఛ కాగితం మీదే ఉంది. కొత్త కంపెనీ యంత్రాలు కొంటే స్క్రిప్టులన్నీ మళ్లీ రాయాలన్న భయంతో, పాత కంపెనీకే ఆర్డరు పోయిన సందర్భాలు మీ దస్త్రాల్లోనే ఉన్నాయి. వెతికి చూడమని ప్రార్థన.

కనుక మంత్రివర్యా, స్వీకరణ పరీక్షపై ఇచ్చిన హామీని ఉత్తర్వుగా మార్చండి. ఐపీఎంఐ వరుసను నమూనా నుంచి తీసివేయండి. దూర నిర్వహణ లైసెన్సుల ధరను టెండరు ధరలోనే కలపమని ఆదేశించండి. ప్రమాణాల వర్కింగ్ గ్రూపుల్లో కూర్చోవడానికి, ప్రతి యంత్రం మొండితనాన్నీ చేతులారా ఎరిగిన ఇంజనీర్లను పంపండి. దయచేసి ప్రారంభోత్సవాలకు వెళ్లి వచ్చేవారిని కాదు. ఆ ఇంజనీర్లకు సమావేశాల సమయాన్ని డ్యూటీగా లెక్కించండి, లేకపోతే రెండు వారాల్లో ఆ కుర్చీ మళ్లీ ఖాళీ అవుతుంది. స్వీకరణ పరీక్ష సంగతి మరొకసారి గుర్తు చేస్తున్నందుకు మన్నించండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఓర్చుకుంటాం, అది మాత్రం తదుపరి టెండరు వెలువడే లోపే రావాలి.

మాకు అవసరమైన లక్షణాలతో ప్రొఫైలు ముసాయిదా ఒకటి మేమే తయారుచేసి, వెనుకటి వినతిపత్రంతో పాటు మీ కార్యాలయానికి సమర్పించాం. అది అందినట్టు రసీదు కూడా ఉంది. మీ పరిశీలన పూర్తయ్యేలోపు కనీసం ఆ ఫైలును తెరిచి చూడమని మీ సిబ్బందికి చెప్పగలరా?

ఇట్లు,
భవదీయుడు,
ప్రజా సంస్థల సర్వర్లను నిర్వహించే ఒక సిస్టమ్స్ ఇంజనీరు