చాటుగా వినడం, చెప్పకుండా చదవడం: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

ఇతరుల మాటలను చాటుగా వినడం, వారి సందేశాలను వారికి తెలియకుండా చదవడం పిల్లల్లో ఎక్కువవుతున్నదని మా ఉపాధ్యాయులు గమనిస్తున్నారు. తలుపు పక్కన పొంచి వినడం పాత అలవాటే. ఇప్పుడు మాత్రం స్నేహితురాలు నమ్మి రాసుకున్న మాటలను స్క్రీన్‌షాట్ తీసి తరగతి గ్రూపులో పెట్టడం, అవతలివారికి చెప్పకుండా ఫోన్ సంభాషణను రికార్డు చేయడం క్షణాల్లో జరిగిపోతున్నాయి. అలా బయటపడిన మాట ఎన్ని చేతులు మారుతుందో దాన్ని మొదట పంపినవారికి కూడా తెలియదు. బాధపడిన బిడ్డ ఆ తర్వాత ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేకపోవడమే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది.

సందేశాలకు ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని సంకేత రూపంలోకి మార్చడం) ఉంది కాబట్టి ఎవరూ చూడలేరని పిల్లలు అనుకుంటారు. వాట్సాప్ 2016లో సంభాషణలన్నిటికీ ఆ రక్షణ కల్పించిన మాట నిజమే. అయితే అది సందేశం దారిలో ఉన్నంతవరకే పనిచేస్తుంది. తాళం వేయని ఫోన్ ఎవరి చేతికైనా చిక్కినా, ఖాతాను మరో కంప్యూటరుకు జతచేసి మరచిపోయినా అది అక్కరకు రాదు. కనుక వాట్సాప్‌లో ఖాతాకు జతచేసిన పరికరాలను చూపే ‘లింక్డ్ డివైసెస్’ జాబితాను మీరూ పిల్లలూ కలిసి చూసి, గుర్తుపట్టని పరికరం ఉంటే తొలగించండి. ఏ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి ఉన్నదో కూడా చూడండి.

ఇక మీకు సంబంధించిన విషయం. బిడ్డ నిద్రపోయాక ఫోన్ తెరిచి చదవడం, రహస్యంగా నిఘా యాప్ పెట్టడం ప్రేమతోనే చేస్తారని నాకు తెలుసు. అయినా దాన్ని నేను సమర్థించలేను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లల ఏకాంతంలోను, ఉత్తర ప్రత్యుత్తరాలలోను ఏకపక్షంగా జోక్యం చేసుకోరాదని చెబుతున్నది. అదే ఒడంబడికలోని 5వ అధికరణం పిల్లల ఎదుగుదలకు తగినట్టు దారి చూపే హక్కును, బాధ్యతను తల్లిదండ్రులకు గుర్తిస్తున్నది. ఈ రెండూ కలిసి నడవాలంటే పర్యవేక్షణ బాహాటంగా ఉండాలి: ఏమి చూస్తారో, ఎందుకు చూస్తారో, ఏ వయసు వరకు చూస్తారో ముందే చెప్పాలి. తమపై రహస్యంగా నిఘా ఉన్నదని తెలిసిన పిల్లలు మరో ఖాతా తెరుస్తారు, లేదా అదే పనిని తోటివారిపై చేస్తారు. ఎవరైనా బెదిరిస్తున్నారనో, బిడ్డ తనకు తాను హాని చేసుకోవచ్చుననో బలమైన అనుమానం ఉంటే మాత్రం ఆగవద్దు. వెంటనే జోక్యం చేసుకుని, మాకూ తెలియజేయండి.

పాఠశాలలో ఏ విద్యార్థి ఫోనునైనా తెరిచి చూడవలసి వస్తే, మీకు కబురు చేసి, ఆ విద్యార్థి ఎదుటనే, విచారణకు సంబంధించిన సందేశాల వరకే చూస్తాము. ఈ నియమంపై మీ అభిప్రాయాలను తరగతి ఉపాధ్యాయులకు రాతపూర్వకంగా అందజేయగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు