మంచం పక్కన కూర్చున్న వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మావారికి పక్షవాతం వచ్చిన నాటి నుంచి మా కుటుంబానికి తోడు నిలిచిన సంఘస్తులకు, ముఖ్యంగా బుధవారం గృహకూడిక వారికి, స్త్రీల మైత్రి సహోదరీలకు ఈ నాలుగు మాటలు. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పబోతే గొంతు పూడుకుపోతోంది, అందుకే రాస్తున్నాను.

ముందుగా, అర్ధరాత్రి ఫోను చేయగానే కారుతో వచ్చిన తమ్ముడికి. మూతి వంకరపోయి, కుడి చేయి వాలిపోవడం చూసి, తెల్లవారే దాకా ఆగుదామన్న మమ్మల్ని వారించి వెంటనే పెద్దాసుపత్రికి చేర్చాడు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలట. ఆ గడువు దాటకుండా కాపాడింది దేవుడు, నడిపింది నువ్వు నాయనా.

డబ్బు సర్దినవారు, క్యారియర్లు పంపినవారు, పిల్లలను తమ ఇంట పెట్టుకుని బడికి పంపినవారు ఎందరో. మీ మేలు మరువం.

ఇంకొకటి చెప్పుకోవాలి. ఐసీయూ బయట కూర్చున్నప్పుడు నాకు ప్రార్థన రాలేదు. బైబిలు ఒళ్లో ఉన్నా తెరవలేకపోయాను. మార్కు సువార్త రెండో అధ్యాయంలో నలుగురు మనుషులు పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందుకు దించుతారు. ఆయన చూసింది ఆ మోసినవారి విశ్వాసాన్ని. మంచం మీద ఉన్నవాడు నోరు తెరిచి ఏదీ అడిగినట్టు అక్కడ లేదు. ఆ వారాల్లో నేనూ మంచం మీది మనిషినే, మోసింది మీరు.

కొందరు వచ్చి, ఏ పాపం వల్ల ఇలా జరిగిందో పరిశీలించుకోమన్నారు. వారి మీద కోపం లేదు గాని, ఆ మాట రోగి వింటుండగా అనకూడదు. బైబిల్లో కష్టాలపాలైన యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. ఆ తరువాత నోరు విప్పాకే గాయపరిచారు. మా సంఘపు పెద్దమ్మ ఒకరు రోజూ సాయంత్రం వచ్చి, మావారి చేయి పట్టుకుని ఊరికే కూర్చునేవారు. అమ్మా, మీకు నా పాదాభివందనం.

మావారికి మాట పోయింది. కూడిక వారు వచ్చి, చిన్నప్పటి నుంచి పాడుకుంటున్న కీర్తన ఎత్తుకోగానే పెదవులు కదిలాయి, రెండో చరణానికి మాటలతో పాడారు! మాట పోయినా పాట మిగలడం పక్షవాతం వచ్చినవారిలో కొందరిలో కనిపిస్తుందని, మెదడులో మాటకు, రాగానికి దారులు వేరని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. అది విన్నాక కూడా నా స్తోత్రం తగ్గలేదు. పాటనే ఆధారం చేసుకుని మాట నేర్పుతున్నారు. మీరు వచ్చి పాడకపోతే ఆ సంగతి మాకు తెలిసేది కాదు.

మా సంఘం దోర్నకల్ అధ్యక్ష మండలం, అంటే దోర్నకల్ బిషప్ గారి పరిధిలోనిది. మా మొదటి బిషప్ అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు తమ ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చారని ఒప్పుకుంటూనే, మాకు స్నేహితులను ఇవ్వండని అడిగారు. ఆ మాట బడిలో చదువుకున్నప్పుడు చిన్నదిగా అనిపించింది. ఇప్పుడు అంతకంటే పెద్ద విన్నపం ఏముంటుంది అనిపిస్తోంది. చందా ఇచ్చి వెళ్లిపోవచ్చు, స్నేహితుడు మాత్రం మళ్లీ రేపు వస్తాడు.

ప్రస్తుతం చేతికర్రతో నడుస్తున్నారు. మాట నెమ్మదిగా వస్తోంది. వచ్చే బుధవారం కూడిక మా ఇంట్లోనే, భోజనం చేసి వెళ్లాలి. చక్రాల కుర్చీ, వాకర్ ఇక మాకు అవసరం లేదు. ఎవరి ఇంట్లోనైనా అవసరముంటే, ఏ సంఘం వారైనా, ఏ మతం వారైనా కబురు చేయండి, మా పెద్దబ్బాయి తెచ్చి ఇస్తాడు.