టీచర్లు తగ్గారు, అందుకే పిల్లలూ తగ్గారు
ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పేటలోని తెలుగు మీడియం సర్కారు బడిలో పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. తల్లిదండ్రులకు తెలుగు అక్కర్లేక కాదు. రిటైరైన టీచర్ల స్థానంలో ఎవరినీ వేయలేదు. ఉన్న ఒక్క మాస్టారే అన్ని తరగతులూ చూస్తున్నారు, పాఠాలు ఎలా సాగుతాయి? ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్ల ఒకటో తరగతిలోనే ఒడియాలో లెక్కలు నేర్చుకోవాల్సి వస్తే నోరు విప్పదు, అది నేను కళ్లారా చూస్తున్నాను. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు వీలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణలోనే ఉంది. పిల్లలు లేరనే సాకుతో బడిని మరోదానిలో కలపకండి. గజపతి జిల్లా విద్యాధికారులు ముందు తెలుగు టీచరు ఖాళీలు నింపాలి. పాఠ్యపుస్తకాలు చాలకపోతే ఆంధ్ర ప్రభుత్వంతో మాట్లాడి తెప్పించాలి. పక్కనే ఆంధ్రలోని పాతపట్నం, అదేమంత దూరం?
– ఒక విద్యార్థిని తండ్రి, పర్లాకిమిడి